పదకొండు సెకన్లు

బుధవారం రాత్రి ఎనిమిదికి మొదలై
అర్ధరాత్రి తలుపు తట్టేదాకా నడిచే కథకి
నేను కత్తెర పట్టేదాన్ని.
ఇస్తాంబుల్లో ఒక ఫ్లైఓవరు కింద
కిటికీ లేని గది, రెండు తెరలు, ఒక హీటరు,
ఎవరో మర్చిపోయి వెళ్ళిన గొడుగు.

ప్రకటనలు పోను నూట నలభై నిమిషాలు నింపాలి.
రాసింది తొంభైకి సరిపోతుంది.
మిగతా యాభై నా నెత్తిన.
చూపుల్ని జీడిపాకం పట్టడమే నా ఉద్యోగం:
అతను తలుపు తీస్తాడు. ఆమె చూస్తుంది.
ఆమె చూడటాన్ని అతను చూస్తాడు.
మెట్ల మీంచి అత్త ఇద్దర్నీ చూస్తుంది.
వయొలిన్.
మళ్ళీ అతను.

కొండవీటి చాంతాడని పత్రికలవాళ్ళు వెక్కిరిస్తే
నాకేం కోపం రాలేదు.
నీళ్ళెంత లోతునున్నాయో
చేదేవాళ్ళకి కదా తెలిసేది.

కథ కొత్తదేం కాదు.
బోస్ఫరస్ ఒడ్డున రోజుకింతని అద్దెకు తెచ్చిన మేడ,
సంతకం లేని వీలునామా,
జ్ఞాపకం పోగొట్టుకుని, రేటింగు పెరగ్గానే వెతికి తెచ్చుకున్న కొడుకు.
ఆ ఇంట్లో ఎవరికీ జలుబు చెయ్యదు.
నిద్రలో కూడా చెవులకి ముత్యాలు.
అయినా ఒకటి చెప్పాలి:
సాదెత్తిన్ అనే ముసలి కెమెరామన్
ఒక బేసినుడు నీళ్ళతో, ఒక అద్దం పెంకుతో
సముద్రపు వెలుగుని పడగ్గది గోడమీదికి తెచ్చేవాడు.
గోడ ఊపిరి పీల్చినట్టుండేది.
ఆ ముందు నిలబడి వాళ్ళు చెప్పే మాటలే,
ఆ వెలుగుకి తగినవి కావు.

పనిమనిషి వేషం మ్యుజెయ్యన్ గారిది.
నలభై ఏళ్ళు రంగస్థలం మీద రాణులు వేసిన మనిషి.
ఇక్కడ వారానికి మూడు మాటలు:
వచ్చారమ్మా. టీ తేనా. చిత్తం.

ఐదో భాగం. షూటింగు పద్దెనిమిదో గంట.
యజమానురాలు ట్రే నెట్టేసి వెళ్ళిపోయింది.
కట్ చెప్పాల్సినవాడు కునికాడో ఏమో,
కెమెరా తిరుగుతూనే ఉంది.
ఆవిడ వంగి
నడుం సన్నని ఆ టీ గ్లాసుని రెండు చేతుల్తో పట్టుకుంది.
తాగలేదు.
చేతులు వెచ్చబెట్టుకుంది.
ఎవరైనా చూస్తున్నారేమోనని తలుపు వైపు ఒకసారి.
ఎవరూ చూడరని తెలిసి, ఇంకోసారి.

నూట నలభై నిమిషాల ఆ దరిద్రమే లేకపోతే
ఆ పదకొండు సెకన్లకి చోటు దొరికేది కాదు.
బిగువైన కథలో మొదట తెగేది అవే.
ఇది పొగడ్తో తిట్టో
నాకిప్పటికీ తేలలేదు.

పొద్దున పదింటికి అంకెలొస్తాయి.
అందరికన్నా ముందు టీ కుర్రాడు ఇల్కెర్‌కి తెలుస్తుంది.
నిర్మాత టీలో చక్కెర వద్దన్నాడంటే
అయిపోయినట్టే.
ఏడో భాగమే ఆఖరిదన్నారు.
రచయిత్రికి రెండు రాత్రులు గడువిచ్చారు.
పదమూడేళ్ళ పగనీ, వీలునామానీ, రెండు పెళ్ళిళ్ళనీ
ఒకే పడవెక్కించి ముంచేసింది పాపం.
పనిమనిషి ఏమైందో రాయడం మర్చిపోయింది.
జనరేటరు లారీ తోలే హాలుక్‌కి
మూడు వారాల జీతం ఇంకా రావాలి.

పరాయి దేశాలకి అమ్మేటప్పుడు
ఒక్కో భాగాన్నీ మూడు ముక్కలు చేస్తారు. సాగింది మళ్ళీ కుదిస్తారు.
మొన్న స్కోప్యే బస్టాండు కాఫీ హోటల్లో
గోడ మీది టీవీలో ఆ మేడ కనబడింది,
కింద నాకు రాని భాషలో అక్షరాలు పరిగెడుతూ.
బస్సు పోతే పోయిందని కూర్చున్నాను.
ట్రే నెట్టింది.
వెంటనే తలుపు. వెంటనే కారు.
ఎవరో కత్తెర మనిషి, నాలాంటిదే,
పని తెలిసినది.
గల్లాపెట్టె దగ్గరావిడ చిల్లర లెక్కపెడుతూ తలెత్తనే లేదు.

కాసేపటికి మళ్ళీ అదే గది చూపించారు.
ట్రేలో గ్లాసు నిండుగానే ఉంది,
ఇందాకటికన్నా
కొంచెం పక్కకి జరిగి.